కదిలే బొమ్మకు గొంతేదీ?

పలక మీద అక్షరాలు ఇంకా చెరగలేదు. "విన్నావుగా. ఏమీ అనవా?"

ఆ పలక ముందు చిన్నిని నిలబెట్టి పోయిన వారం మనం మన పనుల మీద వెళ్లిపోయాం. ఆమెకు వెళ్లడానికి చోటు లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు రెండు ముక్కలు చెప్పి ముందుకు నడుద్దాం. కింద స్టూడియో, పైన ఇల్లు. స్టూడియో పెట్టిన పెద్దాయనకు గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ఆపరేషన్ చేసి, ప్రాణం నిలబెట్టి, మాట తీసేశారు. ఆపరేషన్ ముందు రోజు ఆయన కొడుకు చేత కెమెరా పెట్టించుకుని, ఒకప్పుడు తాను ఇంట్లోంచి వెళ్లగొట్టిన కూతురితో చెప్పాల్సిందంతా చెప్పాడు. కబురంది కూతురు వచ్చేసరికి ఆయనకు గొంతు లేదు. వీడియో కూడా లేదు. కార్డు పాడైపోయిందని అన్నయ్య చెప్పాడు, ఆమె నమ్మింది. ఆ కూతురే చిన్ని. కణతల దగ్గర వెంట్రుకలు నెరిసినా ఆ ఇంట్లో పేరు మాత్రం పెరగలేదు.

ఆ నమ్మకాన్ని తండ్రి పలక మీద రెండు ముక్కలు రాసి కూల్చేశాడు. విన్నావుగా, అంటున్నాడు. అంటే ఆమె విన్నదని ఆయనకు ఎవరో చెప్పారు. వచ్చిన రోజు నుంచీ ఆయన తన మొహంలోకి ఎందుకలా చూస్తున్నాడో, మందు అందిస్తుంటే చెయ్యి పట్టుకుని ఎందుకు వదిలేస్తున్నాడో చిన్నికి ఇప్పుడు తెలిసింది. జవాబు కోసం. తిట్టాడో, దీవించాడో, ఏం చెప్పాడో ఆమెకు తెలియదు. ఆయన మాత్రం కూతురు అంతా విని రాయిలా ఊరుకుందని అనుకుంటున్నాడు.

"నేనేం వినలేదు నాన్నా" అనబోయి ఆగిపోయింది. అలా అంటే ఆయన తర్వాత రాసేదేమిటో ఊహించడం కష్టం కాదు. "మరి మీ అన్నయ్య నీకు చూపించానన్నాడే?" అని. ఆ ప్రశ్న ఆ మంచం మీద పుట్టకూడదు. ఆయనకు మెడలో పెట్టిన గొట్టం శుభ్రం చేసేదీ, ఒళ్లు తుడిచేదీ ఆ కొడుకే. చిన్ని ఆయన వీపు వెనక దిండు సర్ది, "ఇప్పుడే వస్తా నాన్నా" అని మెట్లు దిగింది.

మధ్యాహ్నం పూట షాపులో బేరాలుండవు. గొడుగు లైట్లు మూలకు తిరిగి నిలబడ్డాయి. నీలం తెరను చుట్ట చుట్టి గోడకు ఆనించారు. వెనక బల్ల దగ్గర వదిన ఆల్బమ్ కాగితాల అంచులు కత్తిరిస్తోంది. కౌంటర్ మీది టీవీలో ఎప్పటిలాగే కస్టమర్ల బొమ్మలు ఆడుతున్నాయి. టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న కాలేజీ పిల్లలు, ఆవలించి నవ్వే పసివాడు. ఒక్కొక్కటీ కాసేపు కదిలి మళ్లీ మొదటికొస్తుంది. పసివాడి తర్వాత పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, మెడకు మఫ్లర్. ఏదో చెబుతున్నాడు. పెదాలు ఆడుతున్నాయి, చెయ్యి పైకి లేస్తోంది, మళ్లీ మొదటికి. పెదాలు, చెయ్యి, మళ్లీ మొదటికి.

ఆ టీవీ ముందు నుంచి చిన్ని రోజూ నడిచింది. అభిమానం కొద్దీ పెట్టారనుకుంది. ఇన్నాళ్లూ కూతురి కళ్లతో చూసింది. ఇవాళ మాత్రం పరాయి ఊళ్లో ఎడిటింగ్ గదిలో కూర్చుని కూడు సంపాదించుకునే మనిషి కళ్లతో చూసింది.

"అన్నయ్యా, ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?"

అన్నయ్య లెన్సు తుడుస్తున్నాడు. తలెత్తలేదు. "ఏది?"

"నాన్న బొమ్మ. కదులుతున్నది."

"ఆ రోజుదే. పాడైన కార్డులోంచి దక్కిన ముక్క. గుర్తుగా ఉంటుందని జిఫ్ చేసి పెట్టా."

"శబ్దం పెట్టు."

"జిఫ్‌కి శబ్దమేమిటే? ఇన్నేళ్లు ఎడిటింగ్ చేశానంటావు, ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు ఇద్దరినీ ఇదే షాపులో నేల మీద కూర్చోబెట్టి, టిఫిన్ క్యారియర్ విప్పి మరీ తండ్రి నేర్పాడు. వీడియో అంటే ఒక్క వస్తువు కాదర్రా, క్యారియర్. ఒక గిన్నెలో బొమ్మలు, ఇంకో గిన్నెలో శబ్దం, రెండిటినీ కలిపి బిగించేదాని పేరు ఎంపీ ఫోర్. ఫోటో అంటే ఒక్క పళ్లెం. ఒక్క క్షణాన్ని వడ్డించి ఊరుకుంటుంది, దాని పేరు జేపెగ్. జిఫ్ అంటే పళ్లాలను వరసగా కళ్ల ముందు తిప్పడం. కదిలినట్టే ఉంటుంది గానీ రంగులు వెలిసిపోతాయి, నోరు అసలే ఉండదు. ఈ పాఠం చెప్పినాయనే ఇప్పుడు టీవీలో నోరు లేకుండా తిరుగుతున్నాడు.

"జిఫ్‌కి శబ్దం ఉండదని తెలుసు. నేనడిగేది అది కాదు. పాడైన కార్డులోంచి ఇది ఎలా వచ్చింది?"

"చెప్పానుగా, ముక్క దక్కిందని."

"దక్కిన ముక్కలు నేను చాలా చూశాను. గళ్లు పడతాయి, మొహం సగం ఆకుపచ్చగా మారుతుంది, మధ్యలో బిగుసుకుపోతుంది. ఇది కడిగిన ముత్యంలా ఉంది. జిఫ్ చెయ్యాలంటే ముందు వీడియో తెరుచుకోవాలి, ఆడాలి, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా కావాలో నువ్వు చూసి గుర్తు పెట్టాలి. తెరుచుకోని వీడియోలోంచి జిఫ్ ఎలా తీశావ్?"

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అతకడమే బతుకుతెరువుగా ఉన్నవాడు అతుకు బయటికి కనిపించేలా ఆడాడు. అన్నయ్య లెన్సు కింద పెట్టి, గుడ్డ మడిచి, దాని పక్కన పెట్టాడు.

"సరే. పాడవలేదు. పోయింది. షాపు పద్ధతి నీకు తెలుసుగా, వీడియో కస్టమర్‌ది, బొమ్మ మనది. ఇచ్చేయాల్సింది ఇచ్చేశాక ప్రతి వీడియోలోంచీ నాలుగు ఫోటోలు, ఒక జిఫ్ ఉంచుకుని, బరువైనవన్నీ డిస్కులోంచి కొట్టేస్తాం. నాన్న పెట్టిన పద్ధతే. ఆయన ఫోల్డరు కూడా వాటిలో కలిసిపోయింది. పొరపాటైంది. ఆ మాట నీతో ఎలా అనాలో తెలీక కార్డు మీదికి నెట్టా. చాలా?"

ఇది అతికింది. ఇలాంటి పొరపాటు ఈ షాపులో తప్ప ఇంకెక్కడా జరగదు. ఆ పద్ధతి పెట్టినాయన గొంతునే ఆ పద్ధతి మింగిందంటే చిన్నికి ఒక్క క్షణం అన్నయ్య మీద జాలి కూడా వేసింది. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది.

"మరి రెండో కార్డు?"

ఈ ప్రశ్న వెనక ఏళ్ల కిందటి ఒక ముసలమ్మ ఉంది. నూరేళ్లు నిండిన రోజున మనవల మధ్య కూర్చుని, బోసినోటితో పాట పాడింది. చిన్నే తీసింది. ముసలమ్మ ఆ వారంలోనే కన్ను మూసింది. వీడియో కోసం ఇంటివాళ్లు వచ్చేసరికి కార్డు ఖాళీగా ఉంది. ఎవరో ఫార్మాట్ కొట్టారు. మనవడు కౌంటర్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి అందరి ముందూ చిన్నిని నిలదీశాడు. నేను కాదంది. మరి కార్డు దానంతటదే చెరుపుకుందా అన్నాడు. అన్నయ్య పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు అన్న మాట విని చిన్ని ఆ సాయంత్రమే సంచి సర్దుకుంది. ఆ తర్వాత పెద్దాయన రెండు అరలున్న కెమెరా కొన్నాడు. ఏది తీసినా ఒకేసారి రెండు కార్డుల్లోకి ఎక్కాలి. రెండో అర ఖాళీగా ఉంటే బటన్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"రెండో అర ఖాళీగానే ఉంది. నేను చూశా" అన్నాడు అన్నయ్య. "ఆసుపత్రి హడావిడిలో పెట్టడం మర్చిపోయుంటాడు."

"నాన్న మర్చిపోయాడా?"

"మర్నాడు గొంతు కోస్తారని తెలిసినవాడికి కార్డులు గుర్తుంటాయా?"

చిన్ని దాన్ని వదిలేసింది. అసలు అడగాల్సింది ఇంకా గొంతులోనే ఉంది. "సరే. ఆ వీడియో నాకు చూపించానని నాన్నతో ఎందుకు చెప్పావ్?"

వెనక బల్ల దగ్గర వదిన కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఇంకేం చెప్పమంటావ్? పోయిందంటే మళ్లీ పలక పట్టుకుంటాడు. రెండు ముక్కలు రాస్తే ఆయాసం. అందుకే చూపించానన్నా. చూసింది, లేచి వెళ్లిపోయింది అన్నా. ఇక రాయడు కదా."

"లేచి వెళ్లిపోయిందన్నావా?"

"నువ్వు చేసేది అదేగా!" అన్నయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. "వెళ్లిపోవడం నీకు కొత్తేం కాదు. ఉన్నది నేను. ఆ గొట్టంలో కళ్లె తీసేది నేను. ఆయన ఊపిరి చప్పుడు వినపడకపోతే లేచి చూసేది నేను. ఇవాళ వచ్చి గొంతు కావాలంటున్నావ్. ఆ గొంతు నేను రోజూ విన్నాను తల్లీ. నీ పేరెత్తకుండా నీతో పోల్చి తిట్టేవాడు. 'అదైతే ఇలా కత్తిరించేది కాదురా.' ఏళ్ల తరబడి అదే మాట. ఆ గొంతు పోయినందుకు ఏడవమంటే నాకు ఏడుపు రాదు!"

అన్నాక తానే బిత్తరపోయినట్టు చూశాడు. తర్వాత లోపలి ఎడిటింగ్ గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకుని గడియ పెట్టుకున్నాడు.

చిన్ని కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది. కోపం రావాల్సిన చోట సిగ్గేసింది. అన్నయ్య అన్నదాంట్లో సగం నిజం. టీవీలో పెద్దాయన మళ్లీ వచ్చాడు. పెదాలు, చెయ్యి, మళ్లీ మొదటికి. చెయ్యి చాచి టీవీ ఆపేసింది.

వదిన చేతులకంటిన కాగితం పొట్టు దులుపుకుంటూ దగ్గరికొచ్చింది. ఆ ఇంట్లో వదిన మాట్లాడటం అంటే అవునూ, కాదూ, అన్నం పెట్టనా, అంతే. అలాంటి మనిషి ఫోను చేతికిచ్చింది.

"పైన గోడ మీద మామయ్య ఫోటో బాగుందన్నావుగా నిన్న. మీ అన్నయ్య నీకు పంపింది చిన్నదైపోయి ఉంటుంది. అసలుది ఇందులో ఉంది, తీసుకో."

"ఇప్పుడా వదినా?"

"ఇప్పుడే."

ఆ ఫోటో వదినే తీసింది, వీడియో తీసిన ఆ రోజే, గుమ్మంలో నిలబడి. కుర్చీలో పెద్దాయన, ఆయన ముందు స్టాండు మీద కెమెరా, దాని వెనక అన్నయ్య భుజం. చిన్ని అలవాటు కొద్దీ వివరాలు తెరిచింది. ఫోటో ఫైలు బరువు చూసి కనుబొమలు ముడేసింది. అంత బొమ్మకు అంత బరువుండదు. పైన మూలకు చూస్తే చిన్న గుండ్రటి గుర్తు ఉంది.

కొన్ని ఫోన్లు అంతే. మీరు ఫోటో తీశామనుకుంటారు. అది మీరు నొక్కకముందు కాసేపు, నొక్కాక కాసేపు జరిగిందంతా బొమ్మతోనూ శబ్దంతోనూ పట్టి, పళ్లెం అడుగున చిన్న గిన్నె అంటించినట్టు ఆ ఫోటోకే అంటించి దాస్తుంది. దాన్ని ఇంకొకళ్లకు పంపినా, ప్రింటు వేసి గోడకు తగిలించినా, మామూలు జేపెగ్‌గా మార్చినా పళ్లెం ఒక్కటే వెళుతుంది. గిన్నె రాదు. వచ్చిన పళ్లాన్ని చూసి గిన్నె ఉండేదని ఎవరూ అనుకోరు.

"వదినా, ఇది కదులుతుంది కదూ?"

"వేలు ఆనించి పట్టుకుంటే కదులుతుంది. సైలెంట్ తీస్తే వినపడుతుంది కూడా."

చిన్ని తలెత్తి చూసింది. వదిన చూపు తిప్పుకుంది. చిన్ని సైలెంట్ తీసి, శబ్దం చివరిదాకా పెంచి, తండ్రి మొహం మీద వేలు ఆనించింది.

"...ఆ కార్డు చెరిపింది నువ్వు కాదు తల్లీ, వాడే నాతో..."

"నాన్నా, అది వద్దు!"

బొమ్మ బిగుసుకుపోయింది. మొదటి గొంతు పెద్దాయనది, బొంగురుగా, రాయి మీద ఇసుక రాసినట్టుగా. రెండోది అన్నయ్యది. చిన్ని మళ్లీ వేలు ఆనించింది. నువ్వు కాదు తల్లీ. మళ్లీ. నువ్వు కాదు తల్లీ. ఆ ఒక్క మాట కోసం ఆమె పరాయి ఊళ్లో ఎన్నో ఏళ్లు ఎదురుచూసి, ఇక రాదని ఎదురుచూడటం మానేసింది. మాట వచ్చింది. రావడమే కాదు, ఇన్నాళ్లూ పక్క గదిలో ఒక ఫోన్లో నోరు నొక్కుకుని పడుంది. చిన్ని ఏడ్చింది. కౌంటర్ మీద తల ఆనించి, ఆనాడు ముసలమ్మ మనవడు ఏడ్చిన చోటే ఏడ్చింది.

కాసేపటికి మొహం తుడుచుకుని అడిగింది. "నువ్వు ఆ రోజే విన్నావా?"

"విన్నాను."

"మరి ఇన్నాళ్లూ?"

"ఈ ఇంట్లో కాపురం చేస్తున్నది నేను చిన్నీ. మీ అన్నయ్యను ఆ మాట నా నోటితో ఎలా అనను? అందుకే ఫోను ఇచ్చా."

"అయితే సైలెంట్‌లో ఉన్నది ఫోన్ ఒక్కటే కాదన్నమాట."

వదిన ఆ మాట పడింది. పడి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఒక్కటే తీసి ఊరుకోలేదు. మామయ్య మాట్లాడుతుంటే చూడటం అదే ఆఖరు అనిపించి, ఆయన చెబుతున్నంతసేపూ నొక్కుతూనే ఉన్నా."

చిన్ని ఫోన్లో బొమ్మలు వేలితో వరసగా జరిపి వెతికింది. ఒక్కో ఫోటో కింద ఒక్కో గిన్నె. వరసగా పేర్చుకుంటే తండ్రి చెప్పిందంతా కాకపోయినా ముప్పాతిక వంతైనా తిరిగొస్తుంది. "ఏవి? ఇందులో కనిపించవే?"

"గోడ ఫోటో గురించి నిన్న నువ్వు అడిగావుగా, అది మీ అన్నయ్య విన్నాడు. పొద్దున ఫోను అడిగాడు. నిండిపోయింది, అన్నీ కంప్యూటర్‌లోకి లాగి మామూలు జేపెగ్‌లు చేసిస్తా, తేలికవుతుందన్నాడు. లాగేసి, ఇందులోంచి తీసేశాడు. ఇదొక్కటి నేను వేరే చోట దాచుకున్నా కాబట్టి మిగిలింది."

చిన్ని ఫోను వదిన చేతిలో పెట్టి ఎడిటింగ్ గది వైపు పరుగెత్తింది. తలుపు పై సగం అద్దం. లోపల అన్నయ్య వీపు, ఆ వీపుకు అవతల తెర. తెర నిండా తండ్రి మొహాలు వరసలు వరసలుగా ఉన్నాయి. కింద ఆకుపచ్చ గీత పాకుతోంది. అది దాటిన ప్రతి బొమ్మా ఇంకా అందంగా, ఇంకా స్పష్టంగా అలాగే ఉంది. చూసేవాళ్లకు ఏమీ పోయినట్టు కనిపించదు. చిన్నికి మాత్రం గిన్నె తర్వాత గిన్నె బోర్లించి పారబోస్తున్నట్టు కనిపించింది.

"అన్నయ్యా, ఆపు! అన్నయ్యా!" అద్దం మీద అరచేతులతో బాదింది. అన్నయ్య వెనక్కి తిరగలేదు.

తిరిగింది ఆమే, వెనక చప్పుడు విని.

మెట్ల మీద పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన కిందికి దిగడం ఇదే మొదలు. ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చేతిలో పలక. మెడలో గొట్టం ఈల వేస్తున్నట్టు ఊపిరి తీస్తోంది. ఆయన చూపు వదిన చేతిలో ఉన్న ఫోను మీద ఉంది. పోయిందనుకున్న తన గొంతు తన ఇంట్లోనే పైకి వినబడితే ఏ మనిషి మంచం మీద ఉంటాడు?

మిగిలిన మెట్లు దిగి, కౌంటర్ మీద పలక ఆనించి రాశాడు. "నువ్వు వినలేదా?"

ఇందాక పై గదిలో ఏ ప్రశ్న పుట్టకూడదనుకుందో అదే పుట్టింది. విన్నానంటే ఆయనకు కూతురు రాయి, వినలేదంటే కొడుకు దొంగ. చిన్ని తండ్రి మెడలో గొట్టాన్ని, దాని చుట్టూ ఎవరో శ్రద్ధగా మడిచి పెట్టిన తెల్లటి గుడ్డను చూసింది. అది ఎవరు మడిచారో తెలుసు. అయినా తల అడ్డంగా ఊపింది.

"లేదు నాన్నా. ఇప్పుడే, ఒక్క ముక్క. విని ఉంటే నేను ఊరుకునేదాన్నా?"

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. పెదాలు ఏదో అన్నాయి, గొట్టంలోంచి గాలి మాత్రం వచ్చింది. కూతురి తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చొక్కా చేత్తో పలక తుడిచి, గోడకు ఆనుకుని ఏదో రాసి, ఎడిటింగ్ గది తలుపు దగ్గరికి నడిచాడు. వేలి కణుపుతో అద్దం మీద తట్టి, రాసింది లోపలికి కనిపించేలా పలక పైకెత్తాడు.

తట్టిన తీరు వినగానే అన్నయ్య వెనక్కి తిరిగాడు. తండ్రి మొహం చూశాడు. పలక దాకా చూపు రానివ్వలేదు. లేచి, వెలుతురు రాకుండా ఆ గదికి వేసే నల్ల పరదాను అద్దానికి అడ్డంగా లాగేశాడు. లోపల పని ముగిసినట్టు కంప్యూటర్ టింగుమంది.

పెద్దాయన పలక దించలేదు. వెనక నల్లగుడ్డ పడటంతో అద్దం అద్దమే అయింది. అందులో ముసలాయన, ఆయన వెనక చిన్ని, ఆయన చేతుల్లో పలక కనిపిస్తున్నాయి. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. చిన్ని కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"రెండో కార్డు నా దగ్గరుంది."